పైనుంచి కప్పు కనిపిస్తుంది, గోడలో పగులు కనిపించదు

భూకంప నష్టాన్ని ఉపగ్రహాలు ఎంతవరకు లెక్కగట్టగలవు? కడప జిల్లా మిద్దెలకు ఈ లెక్కతో పనేంటి?

2025 మార్చి 28. రంజాన్ నెలలో చివరి జుమా. మయన్మార్‌లోని మాండలే, సగాయింగ్ పట్టణాల్లో మస్జిదులు నమాజీలతో నిండుతున్న వేళ. అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12.50 గంటల ప్రాంతంలో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. పాత మస్జిదులు చాలాచోట్ల ఉన్నపళంగా కూలిపోయాయి. దాదాపు 60 మస్జిదులు దెబ్బతిన్నాయనీ, సుమారు 700 మంది ముస్లింలు చనిపోయారనీ స్ప్రింగ్ రెవల్యూషన్ మయన్మార్ ముస్లిం నెట్‌వర్క్ అప్పట్లో అంచనా వేసింది. దేశం మొత్తం మీద మృతుల సంఖ్య 3,700 దాటింది.

అప్పుడు మయన్మార్‌లో సైనిక పాలన. అంతర్యుద్ధం నడుస్తోంది. ఫోన్లు, ఇంటర్నెట్ సరిగా లేవు. విలేకరులను చాలాచోట్లకు వెళ్లనివ్వలేదు. అలాంటి దేశంలో ఎక్కడ ఎంత కూలిందో బయటి ప్రపంచానికి తెలిసిందెలా? పెద్ద భాగం ఉపగ్రహాల ద్వారానే. అందులో మన హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. భూకంపం వచ్చిన మరుసటి రోజు, మార్చి 29న, ఇస్రో ఉపగ్రహం కార్టోశాట్-3 మాండలే, సగాయింగ్‌ల మీదుగా వెళ్తూ ఫొటోలు తీసింది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, అంటే ఎన్‌ఆర్‌ఎస్‌సీ, వాటిని మార్చి 18న తీసిన ఫొటోల పక్కన పెట్టి చూసింది. ఐరావతి నది మీద ఉన్న చారిత్రక ఆవా వంతెన పూర్తిగా కూలినట్టు, మాండలేలో స్కై విల్లా భవనం, మాండలే యూనివర్సిటీ, పలు పగోడాలు దెబ్బతిన్నట్టు గుర్తించింది. నది ఒడ్డున నేల చీలిన ఆనవాళ్లు కూడా ఆ ఫొటోల్లో దొరికాయి.

ఇది గొప్ప పనే. కానీ ఒక ఫొటో చూసి ‘ఈ ఇల్లు కూలింది, ఆ ఇల్లు బాగానే ఉంది’ అని రాసేయడం వెనక చాలా చిక్కులున్నాయి. ఆ లెక్క మీదే సహాయ సామగ్రి ఎటు వెళ్లాలో నిర్ణయమవుతుంది. రేపు పరిహారం ఎవరికో, ఎవరికి లేదో కూడా ఆ లెక్కే తేల్చే రోజులు వస్తున్నాయి. అందుకే ఈ లెక్క ఎలా కడతారో, ఎక్కడ తప్పుతుందో మామూలు కుటుంబాలు కూడా తెలుసుకోవాలి.

రెండు ఫొటోల మధ్య తేడా

పద్ధతి చెప్పడానికి సులువే. భూకంపానికి ముందు తీసిన ఫొటో ఒకటి, తర్వాత తీసిన ఫొటో ఒకటి. రెండూ పక్కపక్కన పెడతారు. ముందు ఫొటోలో నలుచదరంగా కనిపించిన కప్పు, తర్వాత ఫొటోలో చిందరవందరగా కనిపిస్తే కూలినట్టు లెక్క. నీడ కూడా సాక్ష్యమే. ఎండ పడే కోణం తెలుసు కాబట్టి నీడ పొడవును బట్టి కట్టడం ఎత్తు తెలుస్తుంది. మినార్ నీడ నిన్న పొడవుగా ఉండి ఇవాళ లేకపోతే, మినార్ పడిపోయినట్టే.

ఈ పని ఎంత మారిందో తెలియాలంటే గుజరాత్ గుర్తుచేసుకోవాలి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు మన ఉపగ్రహాల్లో అత్యంత నిశితమైన కెమెరా 5.8 మీటర్ల వరకే చూడగలిగేది. అంటే ఒక చిన్న ఇల్లు మొత్తం కలిపి ఫొటోలో ఒక్క చుక్క. ఆ చుక్క కొంచెం తెల్లబడితే శిథిలమా, కొత్త సున్నమా చెప్పలేం. 2019 నవంబరులో వెళ్లిన కార్టోశాట్-3 అర మీటరు కన్నా చిన్న వస్తువును కూడా విడిగా చూపిస్తుంది. రోడ్డు మీద ఆగిన కారు, కప్పు మీద నీళ్ల ట్యాంకు తెలుస్తాయి.

దేశాల మధ్య ఒక ఒప్పందం కూడా ఉంది. పెద్ద విపత్తు వస్తే తమ ఉపగ్రహాల ఫొటోలను ఉచితంగా ఇచ్చుకునేందుకు అంతరిక్ష సంస్థలు ఒక అంతర్జాతీయ చార్టర్‌గా ఏర్పడ్డాయి. అది 2000 నవంబరు నుంచి పనిచేస్తోంది. 2001లో ఇస్రో అందులో చేరింది. నేపాల్, తుర్కియే భూకంపాలప్పుడు కూడా ఈ చార్టర్ ద్వారానే ఫొటోలు అందాయి.

మాండలేలో ఇంకో ప్రయోగం జరిగింది. ప్రైవేటు ఉపగ్రహ సంస్థ ప్లానెట్ ల్యాబ్స్ ఫొటోలను మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కంప్యూటర్‌కు అప్పగించారు. మొదటి రోజు మబ్బులు అడ్డొచ్చాయి. మబ్బు తొలగాక వచ్చిన ఫొటోను జల్లెడ పట్టిన కంప్యూటర్, మాండలేలో 515 కట్టడాలు 80 నుంచి 100 శాతం, మరో 1,524 కట్టడాలు 20 నుంచి 80 శాతం దెబ్బతిన్నాయని చెప్పింది. అయితే ఇది తొలి అంచనా మాత్రమేననీ, నేల మీదకు వెళ్లి సరిచూసుకోవాలనీ ఆ పరిశోధకులే చెప్పారు. వార్తల్లో 515 అనే అంకె అందరికీ గుర్తుండిపోయింది. సరిచూసుకోవాలన్న మాట అంతగా వినిపించలేదు.

మబ్బు చాటున, రాత్రి పూట

కెమెరాకు వెలుతురు కావాలి, ఆకాశం తేటగా ఉండాలి. రాడార్‌కు ఆ రెండూ అక్కర్లేదు. రాడార్ ఉపగ్రహం తనే తరంగాలను కిందికి పంపి, తిరిగొచ్చిన వాటిని కొలుస్తుంది. అర్ధరాత్రయినా, తుపానులోనైనా పని ఆగదు. ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినప్పుడు, ఏమీ మారకపోతే రెండు కొలతలూ దాదాపు ఒకేలా కలుస్తాయి. భవనం కూలితే కలవవు. ఆ కలవని చోట్లను ఎర్రగా చూపిస్తూ పటం గీస్తారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాల్లో 7.8, 7.5 తీవ్రతతో ఒకే రోజు రెండు భూకంపాలు వచ్చినప్పుడు ఇలాంటి పటాలు కొద్ది రోజుల్లోనే తయారయ్యాయి.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద వెళ్లిన నైసార్ ఈ దారిలో పెద్ద అడుగు. నాసా, ఇస్రో కలిసి చేసిన ఈ ఉపగ్రహం బరువు 2,392 కిలోలు. ఎల్ బ్యాండ్, ఎస్ బ్యాండ్ అనే రెండు రాడార్లను ఒకే ఉపగ్రహంలో పెట్టడం ఇదే మొదటిసారి. 12 మీటర్ల వెడల్పు యాంటెన్నా గొడుగులా విచ్చుకుంటుంది. భూమి మీద దాదాపు ప్రతి చోటునూ 12 రోజుల్లో రెండుసార్లు చూస్తుంది. నేల సెంటీమీటర్ల లెక్కన కుంగినా, జరిగినా పట్టుకుంటుంది. ఇస్రో విడుదల చేసిన దాని తొలి చిత్రాల్లో గోదావరి డెల్టా ఒకటి. దీని సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

అయితే రాడార్‌కు కూడా చిక్కులున్నాయి. పంట కోసినా, చెట్లు ఊగినా, ఒకరు కొత్త ఇల్లు కట్టుకుంటున్నా అక్కడ కొలతలు కలవవు. పటంలో ఎరుపు కనిపిస్తే అక్కడ ఏదో మారింది అని మాత్రమే అర్థం, కూలింది అని కాదు. పైగా ఉచితంగా దొరికే రాడార్ చిత్రాల్లో ఒక్కో చుక్క కొన్ని మీటర్ల వెడల్పుంటుంది. సందుల్లో గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లను విడివిడిగా చూపడం దానికి కష్టం.

ఇదే పద్ధతిని ఇప్పుడు యుద్ధ నష్టానికీ వాడుతున్నారు. గాజాలో బయటివాళ్లను అడుగుపెట్టనివ్వని రోజుల్లో ఐక్యరాజ్యసమితి ఉపగ్రహ కేంద్రం యూనోశాట్ అక్కడి కట్టడాలను ఫొటోల ద్వారానే లెక్కించింది. 2024 డిసెంబరు నాటి చిత్రాల ప్రకారం దాదాపు 69 శాతం కట్టడాలు దెబ్బతిన్నాయని తేల్చింది. ఎవరూ కాదనలేని సాక్ష్యం చేతికి రావడమే ఈ పద్ధతి బలం. తలుపులు మూసిన చోట కూడా కన్ను తెరిచి ఉంటుంది.

నిలబడి ఉన్న కప్పు చెప్పే అబద్ధం

ఇక బలహీనత. ఉపగ్రహం నెత్తిమీద నుంచి చూస్తుంది. దానికి కనిపించేది కప్పు. గోడలు, స్తంభాలు కనిపించవు.

తుర్కియేలో వేలాది అపార్ట్‌మెంట్లలో జరిగిందేమిటంటే, కింద దుకాణాల కోసం గోడలు తీసేసిన అంతస్తు నలిగిపోయి, పై అంతస్తులు ఒకదాని మీద ఒకటి దోశల దొంతరలా కూర్చున్నాయి. అన్నిటికన్నా పైనున్న స్లాబ్ చెక్కుచెదరకుండా కిందికి దిగింది. పైనుంచి చూస్తే కప్పు కప్పులాగే ఉంది. లోపల ఎవరూ మిగలలేదు. నీడను కొలిచో, పక్క కోణం నుంచి తీసిన ఫొటో చూసో తప్ప అలాంటి భవనాన్ని పట్టుకోలేం.

నష్టాన్ని ఇంజనీర్లు ఐదు మెట్లుగా విడదీస్తారు. సన్నటి పగుళ్లు మొదటి మెట్టు, పూర్తిగా కూలడం ఐదో మెట్టు. ఉపగ్రహానికి ఐదో మెట్టు బాగా తెలుస్తుంది, నాలుగోది కొంతవరకు తెలుస్తుంది. ఒకటి నుంచి మూడు వరకు దాదాపు కనిపించవు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పలు దేశాల నుంచి ఆరువందలకు పైగా నిపుణులు స్వచ్ఛందంగా కూర్చుని ఫొటోల్లో ఒక్కో ఇల్లూ చూశారు. వాళ్లు కూడా బాగా దెబ్బతిన్న పై రెండు మెట్ల ఇళ్లనే గుర్తించే పని పెట్టుకున్నారు. మిగతావి పైనుంచి తేలవని వాళ్లకు ముందే తెలుసు.

మూడో మెట్టు ఇల్లంటే ఏమిటి? కప్పు ఉంటుంది, గోడలు నిలువునా పగిలి ఉంటాయి. రాత్రి పడుకోవడానికి లేదు. మరో చిన్న ప్రకంపన వస్తే నేలమట్టం. ఆ కుటుంబం బయట టార్పాలిన్ కింద ఉంటుంది. ఉపగ్రహ పటంలో మాత్రం ఆ ఇల్లు పచ్చగా, క్షేమంగా కనిపిస్తుంది. భూకంపాల్లో చనిపోయినవాళ్ల కన్నా ఇలా ఇల్లుండీ ఇల్లు లేనివాళ్ల సంఖ్యే ఎన్నో రెట్లు ఎక్కువ.

పాత ఫొటో తేదీ కూడా ముఖ్యమే. సిరియాలోని అలెప్పోలో యుద్ధంలో అప్పటికే సగం కూలిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఏళ్ల నాటి ఫొటోతో పోలిస్తే బాంబు నష్టమంతా భూకంపం ఖాతాలో పడుతుంది. వారం కిందటి ఫొటోతో పోలిస్తే అప్పటికే పగిలి, భూకంపంతో పూర్తిగా పాడైన ఇల్లు ‘తేడా లేదు’ అనే లెక్కలోకి పోవచ్చు.

మస్జిదుల సంగతి మరొకటి. నమాజు హాలు విశాలంగా ఉంటుంది, మధ్యలో అడ్డుగోడలు తక్కువ. గుంబజ్ బరువు మోసేవి కొన్ని గోడలు, స్తంభాలే. తుర్కియేలోని అంతాక్యాలో హబీబ్ నజ్జార్ మస్జిదు ఆ దేశంలోని అతి పురాతన మస్జిదుల్లో ఒకటి. సూరహ్ యాసీన్ తఫ్సీర్‌లలో ప్రస్తావనకు వచ్చే హబీబ్ నజ్జార్ పేరే దానికి ఉంది. 2023 భూకంపంలో అది కూలింది. గుంబజ్ పడిపోయింది కాబట్టి ఉపగ్రహానికీ తెలిసింది. గుంబజ్ పడకుండా దాని కింది గోడ మాత్రమే పగిలిన మస్జిదులు నేల మీద తిరిగి చూసినవాళ్లకే దొరుకుతాయి. మయన్మార్‌లో అనేక మస్జిదులకు మరమ్మతు చేసుకునే అనుమతే ఏళ్ల తరబడి దొరకలేదని అక్కడివాళ్లు చెప్పారు. బలహీనమైన గోడలు భూకంపానికి ముందు నుంచే అలా ఉన్నాయి. ఆ చరిత్ర ఏ ఫొటోలోనూ రాదు.

గండి నుంచి గండికోట దాకా

ఇదంతా ఎక్కడో దూరదేశాల గొడవ అనిపించవచ్చు. కడప జిల్లా హిమాలయాల కింద లేదు. 2002 నాటి భూకంప పటంలో ఆంధ్రప్రదేశ్ అంతా రెండు, మూడు జోన్లలో ఉంది. ఆ పటంలో అత్యంత ప్రమాదకరమైన ఐదో జోన్ ఇక్కడ లేదు. కాబట్టి భయపడాల్సిన పని లేదు. అయితే నిర్లక్ష్యానికి కూడా ఆధారం లేదు.

వేంపల్లె దగ్గర పాపఘ్ని నది పాలకొండలను చీల్చుకుని బయటికొచ్చే చోటు గండి. జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ అంచున గండికోట. ఆ కోటలో జామియా మస్జిదు, మాధవరాయ దేవాలయం, ధాన్యాగారం శతాబ్దాలుగా నిలబడి ఉన్నాయి. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లో ఇప్పటికీ పాత పద్ధతి ఇళ్లు కనిపిస్తాయి. రాయి, మట్టి కలిపి కట్టిన దిట్టమైన గోడలు. పైన దూలాలు, దంతెలు. వాటి మీద బండలో కట్టెలో పరిచి, ఆపైన మట్టి, చవుడు. వాన నీళ్లు కారకుండా ఏడాదికోసారి చవుడు వేస్తారు. వేసవిలో లోపల చల్లగా ఉంటుంది. తాతల నాటి మిద్దె కాబట్టి గట్టిదనే నమ్మకం కూడా ఉంటుంది.

సరిగ్గా ఇలాంటి ఇళ్లే 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో వేలమందిని పూడ్చేశాయి. తీవ్రత 6.2 మాత్రమే. అంతకన్నా పెద్ద భూకంపాలు వచ్చినా పెద్దగా ప్రాణనష్టం లేని దేశాలున్నాయి. కిల్లారిలో చంపింది రాతి గోడల మధ్య సరైన కట్టు లేకపోవడం, పైన ఏళ్లుగా పేరుకున్న మట్టి బరువు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉండేది. ఆ తర్వాత 2002లో పటం మార్చినప్పుడు ఒకటో జోన్‌నే తీసేశారు. దేశంలో భూకంపం రానే రాదని చెప్పగలిగిన చోటు లేదన్నమాట.

తెలుగు నేల మీద కూడా ఉదాహరణలున్నాయి. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర 5కు పైబడిన తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు హైదరాబాద్ దాకా, ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్ల తెలిశాయి. ప్రాణనష్టం లేదు, అల్‌హమ్దులిల్లాహ్. కడప జిల్లాలోనైతే 2015లో వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలం నాయనోరిపల్లె వైపు నేల గుంతలు గుంతలుగా కుంగింది. అది భూకంపం కాదు, భూమి లోపలి సున్నపురాయి, నీటి మట్టాల వ్యవహారం. అయినా కాళ్ల కింద నేల ఎప్పుడూ ఒకేలా ఉండదని అక్కడివాళ్లకు అర్థమైంది.

ఒకవేళ ఇలాంటి ఊళ్లో భూమి కంపిస్తే ఉపగ్రహానికి ఏం కనిపిస్తుంది? ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మట్టి మిద్దె కూలితే మట్టి కుప్పే మిగులుతుంది. కప్పు రంగు, శిథిలం రంగు, వీధి రంగు దాదాపు ఒకటే. 2023లో మొరాకో కొండ పల్లెల్లో, అఫ్గానిస్థాన్‌లోని హెరాత్‌లో, 2025 ఆగస్టు 31 రాత్రి అదే దేశంలోని కునార్‌లో ఎదురైన ఇబ్బంది ఇదే. కునార్ భూకంపం తీవ్రత 6 మాత్రమే, మృతులు 2,200కు పైగా. కూలిన కాంక్రీటు భవనం పైనుంచి తెల్లగా, స్పష్టంగా తెలుస్తుంది. కూలిన మట్టి ఇల్లు నేలలో కలిసిపోయి కనిపించదు. పేదవాడి ఇల్లు కూలినా సాక్ష్యం మిగలదు.

లెక్కలో ఎవరుంటారు, ఎవరుండరు

అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. తొలి మూడు రోజుల్లో ఉపగ్రహ పటం వరం. ఏ రోడ్డు తెగింది, ఏ ఊరికి ముందు వెళ్లాలి, గుడారాలు ఎక్కడ వేయాలి అన్నవి అది చెప్పగలదు. మూడు నెలల తర్వాత పరిహారం జాబితా రాసేటప్పుడు అదే పటాన్ని ఆధారంగా తీసుకుంటే అన్యాయం జరుగుతుంది.

గుజరాత్‌లో 2001 తర్వాత ఇళ్లను జీ-1 నుంచి జీ-5 వరకు ఐదు తరగతులుగా విభజించి, తరగతిని బట్టి సాయం ఇచ్చారు. నేపాల్‌లో 2015 తర్వాత ఇంజనీర్లు ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, అర్హులైన కుటుంబానికి 3 లక్షల నేపాలీ రూపాయల సాయం ప్రకటించారు. తుర్కియే ప్రభుత్వం కూడా భవనాల దగ్గరికి ఇంజనీర్లను పంపే కూల్చాల్సినవేవో, బాగుచేయాల్సినవేవో తేల్చింది. మూడు చోట్లా తుది మాట నేల మీద చూసినవాళ్లదే. అంత చేసినా నేపాల్‌లో జాబితాలో తమ పేరు రాలేదని వేలాది కుటుంబాలు మళ్లీ దరఖాస్తులు పెట్టుకోవాల్సి వచ్చింది. గడప దాకా వచ్చి చూసిన లెక్కలోనే ఇన్ని పేర్లు జారిపోతే, అంతరిక్షం నుంచి చూసిన లెక్కలో ఎన్ని జారిపోతాయి?

ఉపగ్రహానికి ఒక కప్పు కనిపిస్తుంది. ఆ కప్పు కింద ఎన్ని పొయ్యిలున్నాయో తెలియదు. ముస్లిం మొహల్లాల్లో ఒకే మిద్దె కింద ముగ్గురు అన్నదమ్ముల సంసారాలుండటం మామూలే. కింద అద్దెకున్నవాళ్లుంటారు. వాళ్లది కప్పు కాదు, సామాను మాత్రమే. ముందు గదిలో దర్జీ మిషనో, అగరుబత్తీల పనో, చిన్న కిరాణానో ఉంటుంది. ఆ జీవనాధారం కూడా శిథిలం కింద పోతుంది. పటంలో ఇదంతా ఒక్క చదరం.

పరదా పాటించే ఇళ్లలో మరో సంగతి. పగలు ఇంట్లో ఉండేది ఆడవాళ్లు. ఏ గోడ ఎప్పుడు పగిలిందో, ఏ మూల నీళ్లు కారుతున్నాయో వాళ్లకే బాగా తెలుసు. సర్వేకు మగవాళ్లే వస్తే వాకిట్లోంచే చూసి వెళ్లిపోతారు. అప్పుడు ఆకాశం నుంచి చూసిన కన్నుకూ, వాకిట్లోంచి చూసిన కన్నుకూ పెద్ద తేడా ఉండదు. సర్వే బృందంలో మహిళలు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, సరైన లెక్క కోసం అవసరం.

లెక్క ఎంత నలుగుతుందో ఈ ప్రాంతానికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. గండికోట జలాశయం నింపేటప్పుడు, 2020లో కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్లొచ్చాయి. పరిహారం, పునరావాసం పూర్తిగా అందాకే ఇళ్లు వదులుతామని ఊరివాళ్లు పట్టుబట్టారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఉపగ్రహం చెప్పగలదు. ఎవరు అర్హులు, ఏ తేదీ నాటికి ఎవరి వయసెంత, ఎవరి ఇల్లు లెక్కలో ఉంది అన్న తగువులను మాత్రం అది తీర్చలేదు. అవి కాగితాలతో, గ్రామసభలతో, ఓపికతో తేలాల్సినవి.

ఫొటో ఎవరి చేతిలో ఉంది

సాంకేతికత కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. లెక్క జనానికి కనిపిస్తుందా? 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణంలో ఇళ్ల గోడలు పగులుతున్నప్పుడు, ఎన్‌ఆర్‌ఎస్‌సీ రాడార్ చిత్రాలు చూసి 2022 డిసెంబరు 27 నుంచి జనవరి 8 మధ్య 12 రోజుల్లో నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని చెప్పింది. ఆ నివేదిక వార్తల్లోకి వచ్చిన వెంటనే వెబ్‌సైట్ నుంచి తొలగిపోయింది. సంస్థలు విడివిడిగా మీడియాకు వివరాలు ఇవ్వొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆదేశించింది. గందరగోళం రాకూడదనే చేశామన్నది ప్రభుత్వ వాదన. కానీ పగిలిన గోడ పక్కన కూర్చున్న కుటుంబానికి ఆ 5.4 సెంటీమీటర్ల సంగతి తెలియడం హక్కు కాదా?

అందుకే ప్రజలు అడగాల్సింది ఉపగ్రహాలు వద్దని కాదు. విపత్తు తర్వాత తయారైన నష్ట పటాన్ని ఊరూరా తెలుగులో, ఉర్దూలో అందుబాటులో పెట్టమని అడగాలి. పటంలో ‘క్షేమం’ అని ఉన్న ఇంటిని కూడా ఇంజనీరు వచ్చి చూడాలి. తప్పు ఉంటే అప్పీలు చేసుకునే గడువు, చోటు ముందే ప్రకటించాలి. 

ఇప్పుడే చేసుకోదగిన పనులు

భూకంపం ముందు తీసిన ఫొటో లేకపోతే ఉపగ్రహానికైనా తేడా చెప్పడం కష్టం. ఇళ్లకూ అదే సూత్రం. ఇంటిని నాలుగు వైపుల నుంచి, గదులను లోపలి నుంచి ఫోన్‌లో ఫొటోలు తీసి, ఊళ్లో కాకుండా వేరే చోట ఉండే బంధువుకు కూడా పంపి ఉంచాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, అద్దె ఒప్పందం కూడా అలాగే. అన్నదమ్ములు కలిసి ఉండే ఇంట్లో ఎవరి వాటా ఏదో ఒక కాగితం మీద రాసుకుంటే రేపు తగువుండదు.

మస్జిదు, మదర్సా, ఖబరస్తాన్, ఈద్గా కమిటీలకు ఇది ఇంకా ముఖ్యం. చాలాచోట్ల వక్ఫ్ కట్టడాలకు సరైన కొలతలు, ప్లాన్లు లేవు. 2025 జూన్‌లో మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలతో పాటు అవి ఉన్న చోటును కూడా నమోదు చేయాలని నిబంధన పెట్టారు. ఆ చట్టం మీద అభిప్రాయాలు ఏవైనా, మస్జిదు కొలతలు, ఎత్తు, కట్టిన ఏడాది, మరమ్మతుల వివరాలు కమిటీ దగ్గర సొంతంగా ఉండటం మంచిది. పాత మస్జిదుల గుంబజ్‌ను, మినార్‌ను సివిల్ ఇంజనీరుతో ఒకసారి చూపించాలి.

పాత మిద్దెల్లో ఉన్నవాళ్లు కొత్త చవుడు వేసే ముందు పాత పొరను తీయించాలి. ఏటా పొర మీద పొర వేస్తే కప్పు బరువే ప్రాణాంతకం. కొత్తగా రాతి గోడ కట్టేటప్పుడు గోడ మందమంతా ఆరపార వచ్చే పొడుగు రాళ్లు అక్కడక్కడా పెట్టించాలి. తలుపుల పైమట్టానికి ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ వేయించాలి. లాతూరు తర్వాత ఇంజనీర్లు చెప్పిన ముఖ్యమైన పాఠాలివే. కింద దుకాణం కోసం గోడలు పడగొట్టే ముందు తుర్కియే అపార్ట్‌మెంట్లను తలుచుకోవాలి.

సాయం పంపేవాళ్లకూ ఒక మాట. తుర్కియే, సిరియా, మొరాకో భూకంపాలప్పుడు తెలుగు ముస్లింలు కూడా స్తోమతకు తగ్గట్టు సదఖా, చందాలు పంపారు. పటంలో ఎర్రగా కనిపించిన నగరాలకు సాయం త్వరగా చేరుతుంది. మట్టి ఇళ్ల పల్లెలు పటంలో కనిపించవు కాబట్టి వెనకబడిపోతాయి. డబ్బు పంపేటప్పుడు ‘పటంలో లేని ఊళ్లకు మీరు ఎలా వెళ్తున్నారు?’ అని సంస్థలను అడిగితే ఆ ప్రశ్న వల్లే కొన్ని లారీలు దారి మారవచ్చు.

బాలానగర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న శాస్త్రవేత్తకు ఐరావతి మీద కూలిన వంతెన ఒక్క రోజులో కనిపించడం చిన్న విషయం కాదు. ఆ కన్ను లేకపోతే మాండలే కష్టం చాలా రోజులు చీకట్లోనే ఉండేది. కానీ ఆ కన్ను చూసేది కప్పునే. గోడ పగులును చూడాలంటే ఎవరో ఒకరు ఆ ఇంటి గడప దాటాలి. ఆ మనిషిని పంపమని ప్రభుత్వాన్ని అడగాలి, వచ్చినప్పుడు చూపించడానికి కాగితాలు, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ రెండో పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.